పట్టుపురుగుల గదిలో వరిగడ్డి

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మాకిచ్చిన శిక్షణ ఒకటి, చేయిస్తున్న పని ఒకటి మేడమ్" అని మొర పెట్టుకుంటారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి ఈ గడ్డి సంగతి చెబుతాను. విన్నాక వాళ్ళ బాధ తగ్గుతుందని చెప్పలేను గానీ, నవ్వుకుంటూ మాత్రం వెళ్తారు.

నేను పట్టు పరిశ్రమ శాఖలో పనిచేశాను. సర్వీసంతా చేసింది ఒకటే పని, గదిలో తేమ నిలపడం. అదీ అనంతపురం జిల్లాలో. గుడ్డులోంచి బయటపడ్డ పట్టుపురుగుకు మొదటి రోజుల్లో చల్లదనం కావాలి, చెమ్మ కావాలి. లేకపోతే వేసిన మల్బరీ ఆకు చూస్తుండగానే అప్పడమైపోతుంది, పురుగు పస్తుంటుంది. అందుకే ఆ పిల్ల పురుగులకు ప్రత్యేకంగా ఒక గది కడతారు. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు. చీమలు రాకుండా గది చుట్టూ సిమెంటు కాలువ, దాని నిండా నీళ్ళు. గోడకు జంట థర్మామీటరు ఉంటుంది. ఒక గొట్టానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, రెండో దానికి ఉండదు. రెండింటి లెక్కలూ ఎంత దగ్గరికొస్తే గదిలో అంత తేమ ఉన్నట్టు. ఆ రెంటినీ దగ్గర చేయడానికే ప్రభుత్వం నాకు జీతమిచ్చింది. ఊరివాళ్ళు నన్ను "పురుగుల మేడమ్" అనేవారు. మొదట్లో మనసుకు కష్టంగా ఉండేది, తర్వాత ఆ పేరు పెట్టి పిలవకపోతేనే తిరిగి చూడని స్థితికి వచ్చాను.

రిటైర్మెంటు దగ్గరపడే రోజుల్లో కంబదూరు వైపు ఒక పల్లెలో ఉన్నాను. వరసగా వానలు ముఖం చాటేశాయి. బోర్లు ఎండిపోయాయి. బోర్లను నమ్ముకున్న మల్బరీ తోటలను రైతులే పెరికి పొయ్యిలో పెట్టుకున్నారు. ఆకు లేదు కాబట్టి పురుగు లేదు, పురుగు లేదు కాబట్టి నాకూ మా అటెండరుకూ పని లేదు. అంత పెద్ద తేమ గది ఖాళీగా పడి ఉంది.

మా అటెండరు నాకంటే పెద్దవాడు. ప్రతి పొద్దునా గది చుట్టూ ఉన్న చీమల కాలువ నింపడం ఆయన సర్వీసులో మొదలుపెట్టిన మొదటి పని, మానని పని కూడా అదే. పురుగులు పోయినా ఆయన మానలేదు. ఊరికి తాగునీళ్ళు తెచ్చే ట్యాంకరు దగ్గర కింద కారిపోయే నీళ్ళను బకెట్టుకు పట్టి తెచ్చి పోసేవాడు.

"పురుగులే లేవు గదప్పా, ఇంక చీమలు వస్తే మాత్రమేం?" అన్నాను ఒకసారి.

"పురుగులు లేవని చీమలకు తెల్దు గదా మేడమ్" అన్నాడు.

మా గదికి ఆనుకునే ఒక రైతు చేను. ఒకప్పుడు మా దగ్గర పురుగులు తీసుకెళ్ళి పట్టు పండించినవాడే. బోరు ఎండాక ఆయనకు మిగిలింది వేరుశనగ వేసే మెట్ట నేల, ఒక జత ఎద్దులు. ఊళ్ళో ఎద్దులు ఇంకా కొన్ని ఇళ్ళల్లోనే ఉన్నాయి. తక్కినవాళ్ళు ఎప్పుడో అమ్మేసి ట్రాక్టరుకు అలవాటు పడ్డారు. ఈయన మాత్రం ససేమిరా అన్నాడు. దానికి ఆయన లెక్క ఆయనకుంది.

"వాన పడిన దినము ఊరంతటికీ ట్రాక్టరు కావల్ల. పెద్ద రైతులయినంక గదా నా వంతు. అంతలోకి నేలలో పదును పోతాది. ఎద్దులుంటే తెల్లారేసరికి గొర్రు కట్టుకుంటా" అనేవాడు. గొర్రు అంటే విత్తనం వేసే పనిముట్టు. పదును, అంటే విత్తడానికి సరిపోయే తడి, ఉండేది రెండు మూడు రోజులే, ఆ లోపల విత్తనం పడితే పంట, లేకపోతే లేదు. ఆయన ఏడాది బతుకంతా ఆ రెండు ఎద్దుల మెడమీద ఉండేది.

అలాంటివాడు ఒక పొద్దున ఎద్దులను కడిగి, కొమ్ములకు నూనె రాస్తున్నాడు. కడగడానికి నీళ్ళు ఎక్కడివని అడగబోయి, ఎందుకు కడుగుతున్నాడో అర్థమై ఊరుకున్నాను. సంతకు తోలుతున్నాడు. ఇంట్లో ఎద్దులకు మేతగా వేసే ఎండు వేరుశనగ కట్టె అయిపోయింది, కొందామన్నా చుట్టుపక్కల ఎక్కడా మేత లేదు.

సరిగ్గా ఆ రోజే మా అధికారి ఫోన్ చేశాడు. కోస్తా నుంచి లారీల్లో వరిగడ్డి వస్తోందట, మా వైపు పల్లెలకు మా ఊళ్ళోనే గడ్డి డిపో పెడుతున్నారట. "మీ గది ఖాళీగానే ఉంది కదమ్మా, మీరూ ఖాళీగానే ఉన్నారు కదా" అన్నాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు. నేను పరుగున వెళ్ళి రైతుకు చెప్పాను, గడ్డి వస్తోంది, ఎద్దులను నిలుపు పెద్దాయనా అని.

ఆయన ఎద్దుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీ మాట మీద నిలుపుతాండానమ్మా" అన్నాడు. ఆ మాట నాకు బరువుగా తగిలింది. పురుగులకు తప్ప ఇంకెవరి ప్రాణానికీ నేను అంతవరకు పూచీ పడలేదు.

గడ్డి వచ్చింది. పసుపుపచ్చగా, మంచి వాసనతో, ఆ ఊరు చాలా కాలంగా చూడనంత గడ్డి. పిల్లలు లారీ వెంట పరుగెత్తారు. పంచడం మాత్రం ఇప్పుడే వద్దన్నారు. మొదలుపెట్టి మధ్యలో అయిపోతే గొడవలవుతాయి, లారీలన్నీ వచ్చాకే తలుపు తెరవాలని ఆదేశం. బయట వామి వేసుకుంటామని అడిగాను. మా వైపు తరతరాలుగా గడ్డిని బయట వామిగానే వేస్తారు. గాలి తగులుతుంది, చినుకు పడినా పైపైనే జారిపోతుంది.

"వామికి తాళం ఎక్కడ వేస్తారమ్మా?" అన్నాడు అధికారి. గడ్డి గదిలోకి వెళ్ళింది.

జిల్లా మొత్తంలో పొడిగా లేని చోటు వెతికితే ఆ ఒక్క గదే దొరికేదేమో. సరిగ్గా అక్కడే పెట్టారు. ఆ గదిని తప్పు పట్టడానికీ లేదు. ఏళ్ళ తరబడి తేమ పట్టుకోవడం నేర్పించిందే నేను. ఆ గోడలు చాలాకాలం నానినవి, నాకంటే క్రమశిక్షణ ఉన్నవి. తలుపు మూసిన కొద్ది రోజులకే వాటి పని అవి మొదలుపెట్టాయి. గడ్డిలోకి చేయి పెట్టి చూస్తే లోపల వెచ్చగా ఉంది. వాసన కొంచెం పులిసినట్టుంది. గోడ మీద జంట థర్మామీటరు చూశాను. రెండు లెక్కలూ అన్నదమ్ముల్లా పక్కపక్కనే నిలబడ్డాయి. పురుగులున్న రోజుల్లో ఆ లెక్క చూస్తే జిల్లా నుంచి మెచ్చుకోళ్ళు వచ్చేవి. ఇప్పుడు దాన్ని చూసి భయపడ్డాను. గడ్డి బూజు పట్టిందంటే పశువు తినదు, తింటే బతకదు.

బయటికి వచ్చి చూస్తే అటెండరు కాలువ నింపుతున్నాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావ్?"

"నీళ్ళు పోస్తాండా మేడమ్."

"లోపల గడ్డి ఉండాది. నీళ్ళు పోస్తే చెమ్మ లోపలికి దిగుతాది గదా."

ఆయన బకెట్టు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "అంటే ఇన్నేండ్లు నేను పోసింది పనిచేస్తానే ఉన్నిందన్నమాట" అన్నాడు సంతోషంగా. ఆయనతో కాలువ మాన్పించడానికి నేను పడ్డ కష్టం వేరే చెప్పాలి. రోజూ పొద్దున బకెట్టు పట్టుకుని గది చుట్టూ ఖాళీగా ఒకసారి తిరిగి వచ్చేవాడు.

ఇక నాకు తెలిసిన విద్యనే తిరగేసి వాడాను. కిటికీల గోనెపట్టాలు పీకేశాను. పురుగుల పడకలు ఆరడానికి చల్లే సున్నప్పొడి ఇంకా బస్తాల్లో ఉంది, దాన్ని నేలంతా చల్లించాను. రైతుల ఇళ్ళల్లో చంద్రికలు ఊరికే పడి ఉన్నాయి. పురుగు గూడు కట్టడానికి పెట్టే వెదురు తడికెలవి, మధ్యలో అంతా గాలి. మా పక్క రైతు తనవి తెచ్చి, ఊరంతా తిరిగి ఇంకొన్ని పోగు చేసుకొచ్చాడు. వాటిని నేలమీద పరిచి గడ్డిని పైకెత్తాం. మధ్యమధ్య నిలువుగా దోపి గాలికి దారి పెట్టాం. రోజూ పొద్దు ఎక్కాక తలుపు తెరిచి మోపులు తిరగేసేవాళ్ళం. తలుపు తెరిచినప్పుడల్లా ఎద్దులు మెడలు సాచి అరిచేవి. వాటికి ఆదేశాల సంగతి తెలియదు.

"గడ్డివామి కాడ కుక్క మాదిరి అయితివి గదమ్మా" అన్నాడు రైతు మోపు తిప్పుతూ. తాను తినదు, ఇంకొకరిని తిననివ్వదు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. రాలిన పరకలను ఊడ్చి ఆయన గంపలో వేసేదాన్ని. రాలిన పరకల గురించి ఆదేశంలో ఏమీ లేదు. ఆ ఊడ్పు మీదే ఆ ఎద్దులు నిలబడ్డాయి.

గడ్డి మెల్లగా ఆరింది. థర్మామీటరు లెక్కలు విడిపోవడం మొదలైంది. నా సర్వీసులో మొదటిసారి అవి విడిపోతే సంతోషపడ్డాను. ఇంకో లారీ రావాలి, అది వస్తే పంచేయొచ్చు. అప్పుడే ఆకాశంలో మబ్బులు కనిపించాయి.

మబ్బును చూస్తే మా జిల్లాలో ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెడతారు. ఊళ్ళో ఆడవాళ్ళు కుండలతో ఊరేగి వానకు పాటలు పాడుతున్నారు. ఫోన్లో వాతావరణం చూసేవాళ్ళు ఫోన్‌కే దణ్ణం పెడుతున్నారు. నేను గది ముందు నిలబడి, పైకి చూసి, "ఇంకో నాల్రోజులు ఆగు సామీ" అన్నాను. గట్టిగా అన్నాననుకోలేదు. అటెండరు విన్నాడు. ఆయన విన్నది సాయంత్రానికి టీ బంకులో అందరూ విన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ కట్టె నేనేనని తేలిపోయింది. ఇన్నాళ్ళ కరవుకు కారణం కూడా దొరికింది. పాలు పోసే ఆమె మా ఇంటి ముందు ఆగడం మానేసింది.

రైతు నేరుగా వచ్చి అడిగాడు. "వాన రాగూడదని మొక్కుకుంటివంట గదమ్మా?"

"గడ్డి పంచేదాకా ఆగమన్నాను, అంతే."

"వాన పడితే ఈ గడ్డి ఎవురికి కావల్ల? భూమంతా గడ్డే గదా."

"పడిన మరుసటి దినమే మొలుస్తాదా? మొలిచి, నోటికందేదానికి ఎన్నాళ్ళు? ఆ నడుమ నీ ఎద్దులు గొర్రు లాగల్లనా వద్దా? ఉత్త కడుపుతో లాగుతాయా?"

ఎద్దులకు మేత అన్నిటికంటే ఎక్కువ కావలసింది వాన పడిన రోజునే. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు, వాన మీది ఆశలో మరిచిపోయాడు. "అయినా వానను వద్దనగూడదమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆఖరి లారీ ఒక మధ్యాహ్నం వచ్చింది. గదిలో చోటు లేక గడ్డిని ముంగిట్లోనే దించాం. లారీ వెళ్ళి దుమ్ము ఇంకా అణగలేదు, వాన మొదలైంది. అది చినుకు చినుకుగా రాలేదు, ఒక్కసారిగా కుమ్మరించింది.

ఊరంతా వీధిలోకి వచ్చింది. ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. కరవు తర్వాత పడే మొదటి వానకు ఎవరూ చూరు కిందికి పోరు, గొడుగు పట్టరు, దేన్నీ కప్పరు. కప్పితే, నువ్వు మాకు అక్కరలేదని వాన ముఖం మీద చెప్పినట్టట. అది అలిగి వెళ్ళిపోతుందట. ఆరేసిన బట్టలను, ఎండబెట్టిన వడియాలను కూడా అలాగే వదిలేశారు. అందరూ నెత్తి మీద నీళ్ళు పోసుకుంటున్నట్టు నిలబడి ఉన్నారు. కొందరు ఏడుస్తున్నారు. నేను టార్పాలిన్ పట్టుకుని ముంగిట్లో ఒంటరిగా లాగుతున్నాను.

"ఆ కొస పట్టుకో అప్పా" అని అటెండరును పిలిచాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇన్నేండ్లకు వచ్చింది మేడమ్. ఈ చేతుల్తో దాన్ని కప్పమంటావా?"

నాకు ఏడుపొచ్చింది. వానకా, గడ్డికా అంటే ఇప్పటికీ చెప్పలేను. అనంతపురంలో పుట్టినదాన్ని, వాన పడుతుంటే నాకు మాత్రం తడవాలని ఉండదా? టార్పాలిన్ వదిలేశాను. అప్పుడే చూశాను, గది కప్పు మీది నీళ్ళన్నీ నేరుగా చీమల కాలువలోకి పడుతున్నాయి. కాలువ నిండి, గడప వైపు పొర్లబోతోంది. ఇంకాసేపుంటే లోపలి గడ్డి కూడా పోతుంది.

రైతు తన చేను గట్టు మీద నిలబడి, ముఖం పైకెత్తి తడుస్తున్నాడు. పక్కనే ఎద్దులు కూడా. వెళ్ళి ఆయన చేయి పట్టుకుని కాలువ చూపించాను. ఆయన ఒక్క చూపు చూసి ఇంట్లోకెళ్ళి గడ్డపార తెచ్చాడు.

"వానను ఆపేది నా తరం కాదమ్మా. నీళ్ళకు దావ చూపిచ్చేది మాత్రం చేతనవుతాది" అని కాలువ గోడను పల్లం వైపు పగలగొట్టాడు. నీళ్ళు బుసబుసమంటూ ఆయన చేనులోకే దిగాయి. అటెండరు తన బిడ్డను ఎవరో కొట్టినట్టు చూశాడు. గదిలో గడ్డి నిలిచింది.

ముంగిట్లోది తడిసి ముద్దయింది. తడిసిన గడ్డి నిలవకు పనికిరాదు, తినడానికి పనికొస్తుంది, అదీ వెంటనే అయితేనే. ఎవరిని అడగాలన్నా ఫోన్ సిగ్నలు లేదు. ఉన్నా అడిగేదాన్ని కాదు. "పశువులున్నోళ్ళు రండప్పా, మోయగలిగినంత ఎత్తుకుపోండి" అని అరిచాను. వానను కప్పని ఊరు, గడ్డిని నెత్తిన మోయడానికి వెనకాడలేదు. జనం తడుస్తూ మోపులు మోస్తూ వెళ్తుంటే, మొదటిసారి నేను కూడా నిలబడి తడిశాను.

మర్నాడు తెల్లారి ఆ రైతు గొర్రు కట్టాడు. ట్రాక్టరు కోసం సగం ఊరు ఎదురు చూస్తుంటే ఆయన విత్తనం వేస్తున్నాడు. తన చేను అయ్యాక పక్కవాళ్ళవి కూడా పట్టాడు. ఎద్దులు ఒక పూట తడిగడ్డి తిని ఒక పూట లాగాయి. ఆ గడ్డి ఎన్నాళ్ళు? చూస్తుండగా అయిపోయింది. కలుపు తీసే గుంటక తోలాలంటే ఇంకా మేత కావాలి. నేల మీద ఇంకా సూదంత పచ్చిక కూడా లేదు.

గది నిండా పొడి గడ్డి ఉంది కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. లారీలన్నీ వచ్చేశాయి, తలుపు తెరవమంటారా అని ఫోన్ చేశాను. "ఏం డిపో అమ్మా? వాన పడింది కదా, ఇక కరవెక్కడిది? డిపోలన్నీ మూసేశారు. ఉన్న గడ్డిని మళ్ళీ చెప్పేవరకు అలాగే భద్రంగా ఉంచండి" అన్నాడు అధికారి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

రెండు వారాలు అడుగుతూనే ఉన్నాను. మళ్ళీ చెప్పేవాళ్ళు మళ్ళీ చెప్పలేదు. ఎద్దుల డొక్కలు లోపలికి పోవడం రోజూ గది మెట్ల మీంచి చూస్తున్నాను. రైతు నన్ను ఏమీ అనడం లేదు. "నీ మాట మీద" అన్న మాట ఒక్కసారైనా గుర్తు చేసి తిట్టి ఉంటే బాగుండేది. గడ్డి గలగలమనేంత పొడిగా ఉంది. అంత బాగా నా చేతిలో ఏ పనీ కుదరలేదు.

ఒకరోజు అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. అటెండరును పిలిచాను.

"కాలువ పగిలిన కాడ సిమెంటు పెట్టు. చీమల కాలువకు నీళ్ళు పొయ్యి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. చాలా కాలం తర్వాత ఆయన ముఖం వెలిగింది. "పట్టాలు కూడా తడిపేదా మేడమ్?"

"తడుపు. పురుగులున్నప్పుడు ఎట్ల చేస్తాంటివో అట్లే చెయ్యి."

ఆయన చేసిన పని చూసి తీరాలి. తడి గోనెపట్టాలు కిటికీలకెక్కాయి. కాలువ నిండింది. పై వరస మోపుల మీద నేనే నా చేత్తో నీళ్ళు చిలకరించాను, పిల్ల పురుగుల ఆకు మీద చిలకరించినంత పొందికగా. తేమ నిలపడంలో జిల్లాలో నాకు పేరుంది. ఆ పేరు నిలబెట్టుకున్నాను.

అధికారి లోపల అడుగు పెట్టగానే కళ్ళద్దాలు మసకబారాయి. తీసి తుడుచుకుని థర్మామీటరు చూశాడు. పై మోపు మీద చేయి వేసి వెంటనే తీసుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఇంత చెమ్మలో గడ్డి పెడతారా ఎవరైనా?"

ఎవరు పెట్టించారో ఆయనకు గుర్తు లేదు. నేను తల వంచుకున్నాను.

"ఇది పశువులు తిని చస్తే నా మెడకు చుట్టుకుంటుంది. మొత్తం బయటికి లాగించి తగలబెట్టించండి."

ఇంతదాకా వచ్చి నా చేతులతోనే గడ్డికి నిప్పు పెట్టాలా అనుకున్నాను. తలుపు దగ్గరి నుంచి అటెండరు గొంతు సవరించుకున్నాడు.

"తడిగడ్డి యాడ కాల్తాది సార్? ఊరంతా పొగ నిండుతాది. జనము వచ్చి ఏందని అడుగుతారు."

జనం అన్న మాట పనిచేసింది. "అయితే ఎక్కడో ఒకచోట పారేయించండి" అన్నాడు అధికారి. ఎక్కడో చెప్పలేదు. ఈ చెమ్మంతా నేను పట్టించింది ఆ మాట కోసమే. ఆయన జీపు మలుపు తిరిగేసరికి మేం రైతు చేను గట్టు పక్కన పారేయడం మొదలుపెట్టాం. పశువులున్న ఇళ్ళవాళ్ళు బళ్ళతో వచ్చారు. పై వరస తీయగానే కింద గడ్డి బంగారు రంగులో ఉంది. రైతు ఒక పరక తీసి విరిచాడు. పుటుక్కుమంది. ఆయన నా వైపు చూసి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

వేరుశనగ పూతకొచ్చిన రోజుల్లో నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ గడ్డిని పొడిగా ఉంచడంలో విఫలమైనందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని రాసిచ్చాను. అంతకంటే పెద్ద అబద్ధం నా సర్వీసులో ఎప్పుడూ రాయలేదు, అంతకంటే తృప్తిగానూ రాయలేదు.

ఆ రోజు రైతు చేలో గుంటక తోలుతున్నాడు. గట్టు మీద కూర్చుని సంగతి చెప్పాను. ఎద్దులను నిలిపి అంతా విన్నాడు.

"వాన రానీయలేదని మేమంటిమి. తడవనిచ్చినావని వాళ్ళంటాండారు" అన్నాడు. కాసేపు ఎద్దు మూపురం నిమిరాడు. "ఇవి మాత్రం ఏమీ అనలేదు గదమ్మా."

ఎద్దులను అదిలించి సాలులోకి వెళ్ళిపోయాడు.